పాత బాక్సు, కొత్త పంపు, మధ్యలో మూరెడు గొట్టం

రబ్బరు పక్షం: 1967, 68, 69 కెమారోల్లో పాత ఇంజను దించేసి, యార్డులో దొరికిన ఎల్ఎస్ ఇంజను ఎక్కించేవాళ్లకి అమెరికాలో కొదవ లేదు. మౌంట్లు ఎక్కడ పడతాయి, ఆయిల్ పాన్ కింద క్రాస్‌మెంబరుకి తగులుతుందా, వైరింగు ఎవరిచేత చేయించాలి అని నెలల తరబడి తర్జనభర్జన పడతారు. పవర్ స్టీరింగ్ గొట్టం వంతు వచ్చేసరికి ఓపికా డబ్బూ రెండూ అయిపోయి ఉంటాయి. చేతికందిన ఫిట్టింగులు బిగించి స్టార్టు కొట్టేస్తారు. నేననేది, ఆ గొట్టం కార్ల కంపెనీలు చేసిన పద్ధతిలోనే ఉండాలి. మధ్యలో రబ్బరు, రెండు కొసలా వంచిన స్టీలు ట్యూబు, రెంటినీ కలిపి మెషీన్లో నొక్కిన క్రింపు. స్టీలు తీగ అల్లిన గొట్టాలూ, నీలం ఎరుపు ఫిట్టింగులూ రేసు కార్లకి వదిలెయ్యి తమ్ముడూ.

అల్లిక పక్షం: కంపెనీ పద్ధతి అంటున్నారు, ఏ కంపెనీ అన్నా? స్టీరింగ్ బాక్సు 1969 నాటిది. ఎల్ఎస్ ఇంజను మొదటిసారి కనిపించింది 1997 మోడల్ కార్వెట్‌లో, ట్రక్కుల్లోకి వచ్చింది 1999లో. దాదాపు ముప్పై ఏళ్ల తేడా ఉన్న ఈ రెంటినీ కలపడానికి జనరల్ మోటార్స్ ఏనాడూ గొట్టం చెయ్యలేదు. పార్టుల దుకాణంలో 69 కెమారో గొట్టం అడిగితే బాక్సు వైపు సరిపోతుంది, పంపు వైపు సరిపోదు. 2000 ట్రక్కు గొట్టం అడిగితే పంపుకి ఎక్కుతుంది, బాక్సుకి ఎక్కదు. ఎటూ మనమే పుట్టించుకోవాల్సిన గొట్టం ఇది. అలాంటప్పుడు కొలత తప్పితే విప్పి, కోసి, మళ్లీ బిగించుకోగలిగేది మేలా, ఒకసారి నొక్కాక ఇక మారనిది మేలా?

రబ్బరు పక్షం: సరిపోదు అన్నావు చూడు, అది సరిగ్గా ఎక్కడ సరిపోదో ముందు చెప్పుకుందాం. పంపులు పాడయ్యేది అక్కడే. ఈ కెమారోల్లో ఉండే పాత సాగినా రకం బాక్సుకి రెండు రంధ్రాలు. ఒకటి 5/8 అంగుళం, రెండోది 11/16, రెంటికీ అంగుళానికి 18 మరలు. అడుగున కోనులా ఇత్తడి సీటు ఉంటుంది. విప్పారిన ట్యూబు కొస ఆ సీటు మీద లోహం మీద లోహంగా కూర్చుని ఆయిల్‌ని ఆపుతుంది. ఇన్వర్టెడ్ ఫ్లేర్ అంటారు దీన్ని. 1970ల చివర్లో సాగినా వాళ్లు మెట్రిక్‌కి మారారు: 18 మిల్లీమీటర్లు, 16 మిల్లీమీటర్లు, పిచ్ ఒకటిన్నర. అక్కడ ఆయిల్‌ని ఆపేది ఓ-రింగు. ఎల్ఎస్ పంపు ప్రెజర్ రంధ్రం ఈ 16 మిల్లీమీటర్ల రకం.

ఇప్పుడు లెక్క చూడు. 5/8 అంగుళం అంటే 15.875 మిల్లీమీటర్లు. పదహారుకి వెంట్రుకవాసి తక్కువ. మరకీ మరకీ దూరం ఒకదానిలో 1.41, ఇంకోదానిలో 1.5. అందుకని పాత గొట్టం నట్టు కొత్త పంపులో పెడితే వేళ్లతోనే ఒకటి రెండు చుట్లు హాయిగా దిగుతుంది. అంతలో పట్టేస్తుంది. ఏదో మురికి అడ్డం పడిందనుకుని రెంచి వేశావా, పంపు మరలు పోయినట్టే. పోనీ ఎలాగోలా ఎక్కిందే అనుకో, ఓ-రింగు కూర్చోవలసిన చోట ఫ్లేరు, ఫ్లేరు కూర్చోవలసిన చోట ఓ-రింగు. ఎంత బిగించినా కారుతుంది.

అల్లిక పక్షం: అక్షరాలా ఒప్పుకుంటాను. నా అడాప్టర్లు అందుకోసమే కదా! బాక్సు రంధ్రంలోకి ఇన్వర్టెడ్ ఫ్లేర్ అడాప్టరు ఒకటి, పంపులోకి 16 మిల్లీమీటర్ల ఓ-రింగు అడాప్టరు ఒకటి. రెంటికీ అవతలి కొస ఒకటే: 37 డిగ్రీల కోను, ఆరో నంబరు ఏఎన్. ఆరో నంబరంటే పదహారో వంతుల్లో ఆరు, అంటే 3/8 అంగుళం ట్యూబు. అమెరికా సైన్యం, నౌకాదళం కలిసి విమానాల కోసం ఖాయం చేసుకున్న కొలతలివి. రేపు మీకు పాత బాక్సు నచ్చక 1980ల నాటి ఐరాక్ కెమారో బాక్సు వేసుకున్నారనుకోండి, స్టీరింగ్ చురుగ్గా ఉంటుందని చాలామంది వేసుకుంటారు, అప్పుడు మార్చేది బాక్సు అడాప్టర్లే. గొట్టం అలాగే ఉంటుంది. మీ క్రింపు గొట్టమైతే చెత్తబుట్టలోకి.

రబ్బరు పక్షం: అడాప్టరు పెట్టిన ప్రతిచోటా ఆయిల్ కారడానికి ఇంకో దారి తెరిచినట్టు. గొట్టానికి రెండు కొసలుంటే నువ్వు నాలుగు జాయింట్లు చేశావు. గొట్టాన్ని ఫిట్టింగుకి పట్టించే చోట మరో రెండు. పైగా నీ ఏఎన్ కోను 37 డిగ్రీలు, కార్లలో మామూలు ఫ్లేరు 45. కంటికి రెండూ ఒకేలా ఉంటాయి. ఒకదాని మీద ఒకటి బిగిస్తే సన్నటి గీత మేరకే ఆనుకుంటుంది. గ్యారేజీలో కారదు. ఎండాకాలం ట్రాఫిక్కులో ఆయిల్ కాగి పలచబడ్డాక కారుతుంది. కింద హెడర్లు, అంటే ఇంజను పొగ గొట్టాలు, ఉంటాయి. స్టీరింగ్ ఆయిల్ కాలిపోతున్న హెడరు మీద పడితే అంటుకోగలదని నీకు చెప్పనక్కర్లేదు.

అల్లిక పక్షం: హెడర్ల మాట మీరే ఎత్తారు, సంతోషం. ఈ మార్పుల్లో డ్రైవరు వైపు బాక్సు, హెడరు ట్యూబులు, పంపు అన్నీ ఒకే ఇరుకులో పడతాయి. స్టీరింగ్ రబ్బరు గొట్టాలు ఓర్చుకునే వేడి కన్నా లోపల టెఫ్లాన్ ఉన్న గొట్టం ఓర్చుకునే వేడి చాలా ఎక్కువ, 200 డిగ్రీల సెల్సియస్ దాటినా దానికి లెక్కలేదు. ఒత్తిడి సంగతి చూసినా, స్టీరింగ్ ఫుల్ కట్ కొట్టి పట్టుకున్నప్పుడు పంపు రిలీఫ్ వాల్వు వెయ్యికీ పదిహేను వందలకీ మధ్య ఎక్కడో తెరుచుకుంటుంది, పీఎస్ఐల్లో. మంచి ఆరో నంబరు టెఫ్లాన్ గొట్టం రెండు వేలు ఇట్టే భరిస్తుంది. అయితే ఒక మాట నా పక్షం వాళ్లకి కూడా చెప్పాలి. అల్లిక కనబడిందని ప్రతి గొట్టమూ పనికిరాదు. పెట్రోలుకి వాడే అల్లిక గొట్టంలో లోపల ఉండేది మామూలు రబ్బరే. దాన్ని ప్రెజర్ వైపు పెట్టినవాళ్లు చేసిన తప్పులు మా ఖాతాలో రాయకండి.

రబ్బరు పక్షం: సరే, రాయను. కానీ నా అసలు ఆయుధం ఇంకా తియ్యలేదు. గోల. పవర్ స్టీరింగ్ పంపు రెక్కల పంపు. ఆయిల్‌ని ధారగా పంపదు, రెక్క రెక్కకీ ఒక చిన్న తోపు తోస్తుంది. నిమిషానికి వేల తోపులు. కంపెనీ గొట్టంలో రబ్బరు ప్రతి తోపుకీ కాస్త ఉబ్బి, మళ్లీ సర్దుకుని ఆ దెబ్బని మింగేస్తుంది. మోసేటప్పుడు నీళ్లు తొణక్కుండా బిందెలో నాలుగు ఆకులు వేసుకుంటారే, అదే పని. దీని కోసం ప్రత్యేకంగా ప్రమాణమే రాశారు, ఎస్ఏఈ జె188: ఎక్కువగా ఉబ్బే రకం ప్రెజర్ గొట్టం. ఉబ్బడం లోపం కాదు, కావాలని పెట్టిన గుణం. కొన్ని గొట్టాల్లో లోపల ఇంకో సన్నటి గొట్టం కూడా దాచి ఉంటుంది, ట్యూనర్ అంటారు. తోపుకి ఎదురు తోపు వచ్చి రెండూ ఒకదాన్నొకటి చంపుకునేలా దాని పొడవు లెక్కగట్టి పెడతారు. నీ టెఫ్లాన్ గొట్టం ఉబ్బదు. పంపు తోపు ప్రతిదీ తిన్నగా బాక్సుకీ, అక్కడి నుంచి ఫ్రేముకీ, స్టీరింగ్ కాలమ్‌కీ పోతుంది. పార్కింగులో చక్రం తిప్పుతుంటే కారు మూలుగుతుంది. అంత డబ్బు పోసి కొత్త ఇంజను వేసి, చివరికి పాత లారీ ఎక్కినట్టు ఉంటుంది.

అల్లిక పక్షం: ఇది మీ వైపు గట్టి మాట. టెఫ్లాన్ గొట్టం వేశాక మూలుగు వచ్చిన కార్లు నేనూ చూశాను. అయితే మూలిగిన ప్రతిసారీ నేరం గొట్టానిది కాదు. ఆయిల్‌లో గాలి మిగిలినా మూలుగుతుంది. ఆయిల్ డబ్బా నుంచి పంపుకి వచ్చే గొట్టం సన్నబడినా మూలుగుతుంది. ఇప్పుడు నా ప్రశ్న. మీరన్న జె188 గొట్టం మీకు ఎవరు నొక్కి ఇస్తారు?

రబ్బరు పక్షం: హైడ్రాలిక్ షాపులు లేవా? మన విజయవాడ ఆటోనగర్‌లో జేసీబీ గొట్టం పగిలితే డ్రైవరు పాత ముక్క తెచ్చి కౌంటరు మీద పడేస్తాడు. టీ తాగి వచ్చేలోగా కొత్తది నొక్కి చేతిలో పెడతారు. అమెరికాలో కూడా ట్రాక్టర్లు తిరిగే ఊళ్లన్నిటా అలాంటి షాపులున్నాయి.

అల్లిక పక్షం: ఉన్నాయి. వాళ్ల దగ్గర చుట్టలుగా ఉండే గొట్టం ఏదో ఎప్పుడైనా అడిగారా? 100ఆర్1, లేదా 100ఆర్2. ట్రాక్టరు బకెట్ లేపడానికి చేసిన గొట్టాలు. ఒకదానికి ఉక్కు తీగ అల్లిక ఒక వరస, రెండోదానికి రెండు వరసలు, పైన నల్లరబ్బరు తొడుగు. ఒత్తిడి ఎంతైనా తట్టుకుంటాయి, అందులో అనుమానం లేదు. కానీ ఉబ్బుతాయా? ఉబ్బవు. ఉబ్బకూడదనే ఆ తీగ. అంటే మీరు గోల తగ్గుతుందని చెప్పి వేయించుకొచ్చింది కూడా అల్లిక గొట్టమే అన్నా, మీద రబ్బరు చొక్కా తొడుక్కుంది అంతే. వంచితే నా గొట్టం కన్నా మొండిగా ఉంటుంది కూడా.

(ఈ సంవాదం రాస్తున్నవాడి మాట ఒకటి ఇక్కడ. కౌంటరు దగ్గర "స్టీరింగ్‌కి" అని చెప్పకుండా "ఇలాంటిదే ఇంకోటి" అని అడిగేవాళ్లు ఎక్కువ. చెబితే కొందరు షాపువాళ్లు మేం చెయ్యం అంటారని భయం. చెప్పకపోతే ఏ గొట్టం పడిందో ఎప్పటికీ తెలియదు. చెప్పడమే మంచిది.)

రబ్బరు పక్షం: అక్కడ నన్ను పట్టుకున్నావు. షాపుకి వెళ్లి రబ్బరు అంటే చాలదు, జె188 అని పేరు పెట్టి అడగాలి. లేదంటే స్టీరింగ్ గొట్టాలు మాత్రమే బాగుచేసే చోటుకి పంపాలి. వాళ్లు 69 గొట్టం నుంచి బాక్సు వైపు ట్యూబు, ట్రక్కు గొట్టం నుంచి పంపు వైపు ట్యూబు కోసి తీసుకుని, రెంటి మధ్యా సరైన రబ్బరు వేసి నొక్కుతారు. అలా వచ్చినదానికి బాక్సు దగ్గర ఇత్తడి సీటు మీద కూర్చునే అసలు ఫ్లేరే ఉంటుంది, పంపు దగ్గర అసలు ఓ-రింగే ఉంటుంది. అడాప్టరు ఒక్కటీ లేదు. ఈ మార్పు కోసమే తయారుగా అమ్మే గొట్టాలు కూడా ఉన్నాయిప్పుడు.

అల్లిక పక్షం: తయారుగా అమ్మేవి వాళ్లనుకున్న హెడర్లకీ, వాళ్లనుకున్న బ్రాకెట్లకీ కొలత. ఎల్ఎస్ పంపు ఎక్కడ కూర్చుంటుందన్నది బ్రాకెట్‌ని బట్టి మారుతుంది. కార్వెట్ బ్రాకెట్లు ఒక దూరం, కెమారోవి ఒక దూరం, ట్రక్కువి ఇంకా ముందుకి. ట్యూబు వంపు అర అంగుళం అటైనా ఇటైనా హెడరుకి తగులుతుంది. పంపించి, తెప్పించి, మళ్లీ పంపించి. నా గొట్టం మాత్రం కారు కిందే కొలిచి కారు కిందే కోస్తాను.

రబ్బరు పక్షం: కొయ్యడం గురించి చెప్పు మరి. వినేవాళ్లు తెలుసుకోవాలి.

అల్లిక పక్షం: చెబుతాను, దాచేదేం లేదు. కొయ్యాల్సిన చోట గట్టిగా టేపు చుట్టి, టేపు మధ్యలోంచి పలచటి చక్రంతో కొయ్యాలి, లేకపోతే తీగలు చీపురు కొసలా విచ్చుకుంటాయి. ముందుగా నట్టు దూర్చాలి. తీగ అల్లికని చుట్టూ కాస్త వెనక్కి తెరిచి, లోపలి తెల్లటి టెఫ్లాన్ మీదికి ఓలివ్ అనే చిన్న ఇత్తడి ఉంగరాన్ని దాని భుజానికి ఆనేదాకా నొక్కాలి. తర్వాత ఫిట్టింగు ముక్కు లోపలికి పోవాలి, నట్టు బిగియ్యాలి. ఒక్క తీగ పోగు ఓలివ్ కింద ఇరుక్కుందా, ఆ పోగు వెంబడే ఆయిల్ చెమరుస్తుంది. ఓలివ్ పూర్తిగా కూర్చోకపోతే ఒత్తిడికి గొట్టం ఊడి వస్తుంది. రబ్బరు గొట్టానికి చేసిన ఫిట్టింగుని టెఫ్లాన్ గొట్టానికి వాడితే కూడా అంతే. ప్రెజర్ వైపు అల్యూమినియం వద్దు, స్టీలు ఫిట్టింగులు వాడాలి. ఇన్ని మెలకువలున్నాయి, నిజమే.

రబ్బరు పక్షం: ఇన్ని మెలకువలున్న పని మొదటిసారి చేసేవాడి చేతిలో పెడుతున్నావు. క్రింపు మెషీను ప్రతిసారీ ఒకే కొలతకి నొక్కుతుంది, దానికి విసుగు రాదు. ఇంకో సంగతి. రబ్బరు చెప్పి చస్తుంది. ముందు మెత్తబడుతుంది, క్రింపు దగ్గర తడి కనిపిస్తుంది, వేలితో నొక్కితే జిగట తెలుస్తుంది. ఎన్నో వారాల ముందే నోటీసు ఇస్తుంది. టెఫ్లాన్ ఒకసారి మడతపడితే లోపల నొక్కుకుపోయి అలాగే ఉండిపోతుంది. పైన మెరిసే అల్లిక చూస్తే ఏమీ తెలియదు. ఆ అల్లిక పక్కన తగిలిందల్లా ఆకురాయిలా అరగదీస్తుంది కూడా. వైరింగు కట్ట పక్కనుంచి పోనిచ్చి క్లాంపు మర్చిపోతే వైర్ల మీది తొడుగు పోతుంది.

అల్లిక పక్షం: క్లాంపులు వెయ్యాలి, మీద తొడుగు వెయ్యాలి, కాదనను. నోటీసు మాటకి మాత్రం జవాబుంది. మీ నోటీసు చదివేది ఎవరు? ఈ కార్లు ఏడాదిలో పది నెలలు కవరు కింద ఉంటాయి. తీసి నడిపినరోజే ఊరికి దూరంగా ఏదో ప్రదర్శనకి వెళ్తారు. గొట్టం పోయేది ఆ దారిలో. మీ గొట్టానికి పార్టు నంబరు లేదు, ఏ దుకాణంలోనూ దొరకదు. నా గొట్టమైతే డిక్కీలో నాలుగడుగుల ముక్క, రెండు ఓలివులు, రెండు రెంచీలు ఉంటే రోడ్డు పక్కన చేసుకుంటాను.

రబ్బరు పక్షం: గొట్టం పోయినా చక్రాలు తిరుగుతాయిలే, బాక్సు లోపల ఇనుముకి ఇనుము కలిసే ఉంటుంది. చేతులు నొప్పెడతాయంతే. బెల్టు తీసేసి ఇంటికి రావచ్చు.

అల్లిక పక్షం: ఎల్ఎస్‌లో ఒకటే పొడుగు బెల్టు అన్నా. నీళ్ల పంపునీ ఆల్టర్నేటర్నీ తిప్పేది కూడా అదే. అది తీస్తే ఇంజను ఉడుకుతుంది. తియ్యకపోతే ఆయిల్ లేని పంపు తిరిగి తిరిగి మాడుతుంది.

రబ్బరు పక్షం: అదీ నిజమే. పాత చిన్న బ్లాక్ ఇంజనులో లాగా పంపుకి వేరే బెల్టు ఉండి ఉంటే బతికిపోయేవాళ్లం. ఈ లెక్కన నువ్వు చెప్పిన డిక్కీ ముక్కకి విలువుంది. ఇప్పుడు ఇద్దరికీ వర్తించేది ఒకటి అడుగుతాను. పంపు మీద గొట్టం బిగించే యూనియన్ ఉంటుంది కదా, దాన్ని ఊడదీసి దాని బదులు అడాప్టరు పెట్టేవాళ్లని చూశావా?

అల్లిక పక్షం: చూశాను, అది వింటేనే నాకు గుండె ఝల్లుమంటుంది. యూనియన్ వెనకాలే ఫ్లో కంట్రోల్ వాల్వూ దాని స్ప్రింగూ ఉంటాయి. విప్పగానే బయటికి దూకుతాయి. యూనియన్‌లో ఉన్న సన్నటి రంధ్రమే ఎంత ఆయిల్ పోవాలో నిర్ణయిస్తుంది. దాని బదులు పెద్ద రంధ్రమున్న అడాప్టరు పెడితే ఆయిల్ ఎక్కువై, హైవే మీద స్టీరింగ్ వేలితో తోసినా పక్క లేనులోకి పోయేంత తేలికైపోతుంది. అడాప్టరు యూనియన్‌లోకి ఎక్కాలి గానీ యూనియన్ స్థానంలోకి రాకూడదు. ఒకవేళ మార్చాల్సి వస్తే అదే కొలత రంధ్రమున్నది పెట్టాలి.

రబ్బరు పక్షం: ఇంజనుతో వచ్చిన పంపు ఏ కారుదో కూడా చూసుకోవాలి. 1998 కెమారోలో ఎల్ఎస్1 ఉన్నా దాని స్టీరింగ్ రాక్. 1969 కెమారోది బంతులు దొర్లే బాక్సు. రెంటికీ పోవాల్సిన ఆయిల్ కొలత ఒకటి కాదు. స్టీరింగ్ బరువుగానో మరీ తేలికగానో ఉంటే జనం గొట్టాన్ని తిడతారు. గొట్టం పాపం ఏం చేస్తుంది?

రిటర్ను గొట్టం దగ్గర మనకి పేచీ లేదనుకుంటాను. ఒత్తిడి తక్కువ, 3/8 గొట్టం దూర్చి క్లాంపు వెయ్యడమే. ఆయిల్‌కి చేసిన జె189 గొట్టం కావాలి, అటకమీద మిగిలిన పెట్రోలు గొట్టం ముక్క కాదు.

అల్లిక పక్షం: పేచీ లేదు. డబ్బా విడిగా ఉంటే అక్కడి నుంచి పంపుకి వచ్చే గొట్టం మాత్రం లావుగా, పొట్టిగా, వంపులు లేకుండా ఉండాలి. అది సన్నబడితే పంపు గాలి పీలుస్తుంది. ఇంకో దారి కూడా ఉందని కొందరంటారు. గొట్టాలే వద్దు, కాలమ్ మీద కరెంటు మోటారు పెట్టెయ్యండి అని.

రబ్బరు పక్షం: పెట్టుకోనీ. అప్పుడు కాలమ్ కోసి వెల్డింగు చెయ్యాలి. గొట్టం కారితే తుడుచుకోవచ్చు. కాలమ్ వెల్డింగు ఊడితే తుడుచుకోవడానికి మనం మిగలం.

అల్లిక పక్షం: దాన్ని ఇంకో రోజుకి వాయిదా వేద్దాం. నా మాట నేను మార్చుకోను అన్నా. దూరాలు తిరిగే కారుకి, బ్రాకెట్లూ హెడర్లూ ఇంకా మారే కారుకి అల్లిక గొట్టమే. కానీ ఇంట్లోవాళ్లతో కలిసి ఆదివారం నడుపుకునే కారుకి, అన్నీ స్థిరపడ్డాక, మీ జె188 గొట్టం నిశ్శబ్దంగా ఉంటుందని ఒప్పుకుంటాను.

రబ్బరు పక్షం: నా మాటా నేను మార్చుకోను. చెయ్యి తిరిగినవాడి అల్లిక గొట్టం నిలబడుతుంది, మొదటిసారి చేసినవాడిది నిలబడుతుందని నాకు నమ్మకం లేదు. ఏది వేసినా ముందు చక్రాలు నేలమీద నుంచి లేపి, ఇంజను ఆపి ఉంచి, స్టీరింగ్‌ని ఇటు చివరి నుంచి అటు చివరికి ఇరవై సార్లు నెమ్మదిగా తిప్పాలి. బుడగలు రావడం ఆగాకే స్టార్టు. ఫుల్ కట్‌లో రెండు మూడు సెకన్లకి మించి పట్టుకోవద్దు.

గొట్టం కొనేముందు ఇంకో పని ఉంది. బాక్సు నుంచి పాత గొట్టం విప్పి, రంధ్రంలోకి టార్చి వేసి చూడు. కారు 1969ది అయినంత మాత్రాన బాక్సు 1969ది కానక్కర్లేదు. వెనకటి యజమాని ఎవరో ఎప్పుడో మార్చేసి ఉండొచ్చు. అడుగున ఇత్తడి సీటు కనిపిస్తే పాత రకం. సీటు లేకుండా నోటి దగ్గర నున్నటి గాడి కనిపిస్తే మెట్రిక్. ఆ సంగతి తేల్చుకున్నాకే కొను.